మా ఆఫీసుకు ఇంటర్‌నెట్ ఫోన్లు: అరవై అయిదు రోజుల నా అనుభవం

2024 మే 18, శనివారం రాత్రి తిరుపతిలో ఉరుములు మెరుపులతో కురిసిన వానకు, రేణిగుంట రోడ్డులోని మా ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా కాల్స్‌ను బల్లలకు పంచుతున్న ఇంటర్‌కామ్ పెట్టె కాలిపోయింది. సోమవారం ఉదయం షట్టరు తీసేసరికి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. మాది మోటార్లు, పైపులు, డ్రిప్ సామాను అమ్మే వ్యాపారం. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు రైతులకు మా 0877 నంబరు నోటికి వచ్చు. నాన్న హయాంలో గోడల మీద రాయించిన నంబరు కూడా అదే. మామిడి కాయ తయారయ్యే ఆ రోజుల్లో మోటారు ఆగిపోయిన రైతు ఫోన్ చేస్తే మా దగ్గర ఎవరూ ఎత్తకపోతే ఎలా అన్న ఆలోచనకు నాకు ఆ వారమంతా సరిగ్గా నిద్ర పట్టలేదు.

పెట్టెను బాగుచేసే మనిషి దానిని చెన్నైకి తీసుకెళ్లి, తొమ్మిది రోజుల తరువాత మే 29న తిరిగి తెచ్చి, ఆ కార్డులు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదని చెప్పాడు. ఆ తొమ్మిది రోజులూ ఒక మామూలు ఫోన్‌ను నేరుగా లైనుకు తగిలించుకొని నడిపాం. రిసెప్షన్‌లో కూర్చునే అక్క ప్రతి కాల్‌కూ లేచి, సంబంధించిన మనిషి బల్ల దాకా నడిచి వెళ్లి పిలుచుకొని వచ్చేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నాన్న కాలం నుంచి మా దగ్గర ఉన్న మనిషి, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇక వాయిదా వేయకూడదని నేను నిర్ణయించుకున్నది ఆమెను చూసే.

మే 30 నుంచి, నెట్ వైరు మీద నడిచే ఇంటర్‌నెట్ ఫోన్లకు ముగ్గురు అమ్మకందారులను కొటేషన్ అడిగాను. ఒకరు జూన్ 4న వస్తామన్నారు. అది ఓట్ల లెక్కింపు రోజని ఇద్దరికీ తట్టలేదు. ఆయన వచ్చేసరికి 7వ తేదీ అయింది. ముగ్గురూ ముందుగా ఫోన్ల బొమ్మల పుస్తకమే నా ముందు పెట్టారు. రంగుల తెర ఉన్నవి, వీడియో కనిపించేవి, బ్లూటూత్ ఉన్నవి చూపించారు. మా ఆఫీసులో వైరు ఎక్కడెక్కడ ఉంది, కరెంటు పోతే ఏం చేస్తారు, పాత నంబరు సంగతేమిటి అన్న ప్రశ్నలు వారెవరూ అడగలేదు. అప్పటికి అవి అడగవలసిన ప్రశ్నలని నాకూ తెలియదు. ఫోన్ల కంపెనీల పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఒకే కంపెనీ ఫోన్లలో ఒక మోడల్ మాకు చక్కగా సరిపోయింది, మరొకటి బొత్తిగా సరిపోలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టింది పాత నంబరు. కాల్స్ పంచే యంత్రం తమ దగ్గరే ఉండే క్లౌడ్ పద్ధతిలో ఫోన్ల లెక్కన నెలనెలా అద్దె కట్టించుకుంటామన్న ఒకాయన, కొత్త నంబర్ల వరుస ఇస్తామని, పాతది మాత్రం తమ దగ్గరికి రాదని చెప్పాడు. మొబైల్ నంబరులాగా ల్యాండ్‌లైన్ నంబరును మరో కంపెనీకి మార్చుకోవచ్చని అనుకున్న నేను ఆ మాటకు కాసేపు మౌనంగా ఉండిపోయాను. చివరికి మూడో అమ్మకందారు ఒక దారి చూపించాడు. ల్యాండ్‌లైన్లు రెండూ ఉన్నచోటే ఉంటాయి. వాటిని గేట్‌వే అనే చిన్న పెట్టెకు తగిలిస్తే, అది పాత లైనులోని మాటను ఇంటర్‌నెట్ ఫోన్లకు అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. ఆ కాల్స్‌ను బల్లలకు పంచే యంత్రం కూడా మా ఆఫీసులోనే ఉంటుంది. అందులో నడిచేది ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు కాబట్టి నెలవారీ అద్దె ఉండదు. వీధిలో కాలువ తవ్వినప్పుడల్లా మా ఫైబర్ తెగుతుంది. నెట్ లేకపోయినా బల్లకూ బల్లకూ మధ్య ఫోన్ మోగాలి అన్నది కూడా మనసులో పెట్టుకొని జూన్ 10న ఆయననే ఖాయం చేశాను.

ఆయన దగ్గర నేను పెట్టిన షరతు ఒక్కటే. ఫోన్లు కొనేముందు రెండు మోడళ్లను వారం రోజులు మా బల్లల మీద వాడి చూడాలి. అయిదు వేలు డిపాజిట్ తీసుకొని జూన్ 13న రెండు ఫోన్లు ఇచ్చాడు. మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను.

మొదటి ఫోన్ చూడడానికి ముచ్చటగా ఉంది. పెద్ద తెర, పలచటి రిసీవరు. మొదటి గంటలోనే అక్క పిలిచింది. "బాబూ, ఇది బుజం మీద నిలబడదు, జారిపోతా ఉండాది" అంది. ఆమె ఎడమ భుజానికీ చెవికీ మధ్య రిసీవరును బిగించుకొని, కుడిచేత్తో ఆర్డరు పుస్తకంలో రాసుకుంటుంది. పంతొమ్మిదేళ్ల అలవాటు అది. బోల్టులు తూచే త్రాసులో రిసీవర్లను పెట్టి చూశాను. పాతది 190 గ్రాములు, కొత్తవాటిలో ఒకటి 164, ముచ్చటైనది 118. బరువు తక్కువ కావడం ఒక్కటే కాదు, వీపు గుండ్రంగా, నున్నగా ఉండడం వల్ల కూడా అది నిలబడడం లేదు. హెడ్‌సెట్ పెట్టుకోమని అమ్మకందారు సలహా ఇచ్చాడు. ఆమె రెండు రోజులు ప్రయత్నించి, ఎదురుగా నిలబడి అడిగే రైతు మాట వినబడడం లేదని తీసేసింది. ఆమె చెప్పింది నిజమే. మా కౌంటరు దగ్గర ఫోన్‌లో ఒకరు, ఎదుట ఒకరు ఎప్పుడూ ఉంటారు.

రెండో విషయం పక్క బటన్లది. రిసెప్షన్ ఫోన్‌కు ఒక్కో మనిషికి ఒక్కో బటన్ ఉంటుంది. ఆ మనిషి ఖాళీగా ఉంటే పచ్చ దీపం, మాట్లాడుతుంటే ఎర్ర దీపం. పాత పెట్టెలో లేని ఈ సౌకర్యం అక్కకు మొదటి రోజే నచ్చింది. అయితే ఖరీదైన మోడల్‌లో బటన్ పక్కన పేరు చిన్న తెర మీద ఇంగ్లీషులో కనిపిస్తుంది. తెలుగులో కొడితే అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు వచ్చాయి. దానికన్నా చవకైన మోడల్‌లో బటన్ల పక్కన కాగితపు పట్టీ ఉంచే గాడి ఉంది. అక్క తన చేతిరాతతో తెలుగులో పేర్లు రాసుకొని అందులో దూర్చింది. ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధపడ్డ నేను, ఆ కాగితపు పట్టీ కోసమే తక్కువ ధర ఫోన్‌కు దిగాను.

మూడోది నేను ఏమాత్రం ఊహించనిది. ఈ ఫోన్ల వెనుక నెట్ వైరు దూర్చే రంధ్రాలు రెండుంటాయి. గోడ నుంచి వచ్చే వైరు ఒకదానికి, అక్కడి నుంచి కంప్యూటరుకు రెండోది. బల్లకు ఒకే వైరు చాలుతుందని సంతోషించి బిల్లింగు కంప్యూటరును అలాగే తగిలించాం. ఆ శనివారం సాయంత్రం, ఎప్పుడూ పది నిమిషాల్లో ముగిసే బ్యాకప్ గంటన్నర దాటినా అయిపోలేదు. ఆ ఫోన్‌లోని రంధ్రం సెకనుకు 100 మెగాబిట్లకు మించి పంపలేదు, మా కంప్యూటర్లు, వాటి నెట్ వైర్లను కలిపే స్విచ్చి అనే పెట్టె 1000 మెగాబిట్లవి. బొమ్మల పుస్తకంలో ఈ సంగతి చివరి పేజీలో చిన్న అక్షరాలలో ఉంది. అందుకని మూడు బిల్లింగు బల్లలకు గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల మోడల్, మిగతా వారికి మామూలుది అనుకున్నాం. ధరలో తేడా ఒక్కో ఫోన్‌కు 1,900 రూపాయలు.

వెనుక పెరట్లో మోటార్లు పరీక్షించే చోట ఫోన్ మోత వినబడుతుందా అన్నది కూడా ఆ వారమే చూశాం. రెండు మోడళ్ల మోతా అక్కడ చాలలేదు. ఆ ఒక్క చోటికి పాత పద్ధతిలో గంట పెట్టుకోవలసి వచ్చింది.

జూన్ 22న తిరుపతికి పన్నెండు, చిత్తూరులోని మా గోదాముకు రెండు, మొత్తం పద్నాలుగు ఫోన్లకు సగం డబ్బు అడ్వాన్సుగా ఇచ్చి ఆర్డరు పెట్టాను. అయిదు రోజుల్లో సరుకు వస్తుందన్నాడు. పదిహేడు రోజులు పట్టింది. మామూలు ఫోన్లు వారంలోనే వచ్చినా, కాగితపు పట్టీ ఉన్న రిసెప్షన్ ఫోన్ పాత మోడల్ కావడం వల్ల స్టాకు లేదట. దాని బదులు తెర ఉన్నది అదే ధరకు ఇస్తానని రెండుసార్లు ఫోన్ చేశాడు. అక్క అవస్థ చూస్తూ ఒప్పుకొందామా అని నాకే అనిపించింది. కానీ ఆమే, "వారం రోజులు ఓర్చుకుంటాలే బాబూ" అంది. ఆ ఫోన్ చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌లోని ఒక దుకాణంలో దొరికి, జూలై 9న వచ్చింది.

పెట్టెలు విప్పి చూస్తే ఏ ఫోన్‌తోనూ కరెంటు అడాప్టరు లేదు. ఒక్క క్షణం మోసపోయామనుకున్నాను. ఈ ఫోన్లకు కరెంటు కూడా నెట్ వైరులోనే వస్తుందని, అందుకు తగిన స్విచ్చిని కొటేషన్‌లో రాశానని అమ్మకందారు చూపించాడు. ఆ ప్రమాణం ప్రకారం స్విచ్చి ఒక్కో రంధ్రానికి 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు. మా ఫోన్ ఒక్కొక్కటి అయిదు వాట్లు కూడా తీసుకోదు. ఇది నిజంగా మంచి ఏర్పాటు, బల్లల మీద అడాప్టర్ల గొడవ ఉండదు. అయితే చిత్తూరులో అలాంటి స్విచ్చి లేదన్నది ఇద్దరమూ మరిచిపోయాం. అక్కడి రెండింటికీ అడాప్టర్లు విడిగా కొన్నాం.

అసలు కష్టం జూలై 10న వైర్ల దగ్గర మొదలైంది. పన్నెండు ఫోన్లలో అయిదు, వెలిగి, పేరు చూపించి, మళ్లీ ఆరిపోతున్నాయి. ఫోన్లు చెడ్డవని నేను, స్విచ్చి చెడ్డదని ఆయన మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. వైరింగు పని తెలిసిన కుర్రవాడు ఒకడు వచ్చి, గోడలోని ఒక వైరు కొన కోసి, బ్లేడుతో గీకి నాకు చూపించాడు. పైన రాగి రంగు, లోపల వెండిలా తెలుపు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అది. కంప్యూటరుకు ఎలాగో సరిపోయింది గానీ, కరెంటు మోయడానికి పనికిరాలేదు. ఇంకో రెండు చోట్ల, ఒకే వైరులోని నాలుగు జతలను చీల్చి రెండు కంప్యూటర్లకు పంచి ఉన్నారు. పాత పనివాళ్లు ఎందుకలా చేశారో ఇప్పుడు అడిగి లాభం లేదు. మొత్తం ఏడు బల్లలకు అసలైన రాగి వైరు కొత్తగా లాగడానికి నాలుగు రోజులు పట్టింది, 9,400 రూపాయలు అయింది. కొత్తగా పెట్టుకునేవారు ఆర్డరుకు ముందే ఒక్క రోజు వైర్లు పరీక్ష చేయించుకుంటే ఈ నాలుగు రోజులు మిగులుతాయి.

ఆషాఢంలో కొత్త పని ఎందుకని నాన్న అన్నారు, కానీ రైతులు ఆగరు కదా అని ఆయనే సర్దుకున్నారు. జూలై 15న గేట్‌వే బిగించాం. ఆ వారం నాకు బాగా గుర్తుండిపోయింది. అందరూ మాట్లాడుతున్నప్పుడు వచ్చిన కాల్‌కు సంగీతం వినిపిస్తూ ఆపి ఉంచే ఏర్పాటు చేశాం. ఎదురుచూసి విసిగిపోయిన మనిషి ఫోన్ పెట్టేసినా, మా యంత్రానికి ఆ సంగతి తెలియడం లేదు. ఎవరూ లేని లైనుకు సంగీతం వినిపిస్తూనే ఉంది. బయటి నుంచి చేసేవారికి ఎంగేజ్ వస్తోంది, మా వైపు మాత్రం అన్ని దీపాలూ పచ్చగానే ఉన్నాయి. ఒక సాయంత్రం రెండు లైన్లూ అలా చిక్కుకుపోయి, నా మొబైల్‌కు ఒక రైతు ఫోన్ చేసి "మీ ఆఫీసు ఎత్తేసినారా?" అని అడిగాడు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది.

నాలుగు రోజులు టెక్నీషియన్ ఏవేవో సెట్టింగులు మార్చాడు. అయిదో రోజు, జూలై 19న, ఆయన లైనును స్పీకరులో పెట్టి, అవతలివారు పెట్టేసిన తరువాత వచ్చే కూత విన్నాడు. మన దేశంలో ఆ కూత 400 హెర్ట్జ్‌ది, ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను నిశ్శబ్దం. గేట్‌వే మాత్రం అమెరికా కూత కోసం, అంటే రెండు స్వరాలు కలిసి అర సెకను మోగి అర సెకను ఆగే దాని కోసం ఎదురుచూస్తోంది. దేశం పేరు మార్చి, ఈ అంకెలు వేయగానే లైను దానంతట అదే తెగింది. కూత ఆగి లైను ఖాళీ కావడం చూసి అక్క చప్పట్లు కొట్టింది.

జూలై 20న మెయిన్ ఆపి యూపీఎస్ పరీక్ష చేశాం. పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడు స్విచ్చి, గేట్‌వే, యంత్రం మూడూ బతికి ఉంటేనే ఫోన్. యూపీఎస్ గంటా పదిహేను నిమిషాలు నడిచింది. దానితో తృప్తిపడ్డాం.

గురుపౌర్ణమి మరునాడు, జూలై 22 సోమవారం, అన్ని బల్లలూ కొత్త ఫోన్ల మీదకి వచ్చాయి. పది గంటలకల్లా మొబైల్ నంబర్లకు కాల్స్ వెళ్లడం లేదని నలుగురు చెప్పారు. కారణం మా వేళ్ల అలవాటు. పాత పెట్టెలో బయటి లైనుకు ముందుగా సున్నా నొక్కేవాళ్లం. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు నంబరు ముందు సున్నా తప్పనిసరి కాబట్టి మరో సున్నా. అలా రెండు సున్నాలు నొక్కడం చేతికి వచ్చేసింది. కొత్త యంత్రంలో బయటి లైనుకు వేరే సున్నా లేదు. రెండు సున్నాలంటే విదేశీ కాల్ అనుకొని అది ఆపేస్తోంది. విదేశీ కాల్స్ మూసి ఉంచమన్నది నేనే. దీనికి తోడు, వచ్చిన మిస్డ్ కాల్‌ను నొక్కి తిరిగి చేస్తే, ఆ పది అంకెల ముందు సున్నా లేక అదీ వెళ్లదు. పది అంకెలు నొక్కినా, ఒక సున్నాతో నొక్కినా, రెండు సున్నాలతో నొక్కినా ఒకేలా వెళ్లేటట్లు మధ్యాహ్నానికి నియమం రాయించాం. ఫోన్లలో సమయం అయిదున్నర గంటలు వెనక ఉన్నదని కూడా ఆ రోజే గమనించి సరిచేశాం.

చిత్తూరు గోదాము సంగతి ఆగస్టు దాకా సాగింది. అక్కడివాళ్ల మాట మాకు వినబడుతుంది, మా మాట వాళ్లకు వినబడదు. నెట్ ప్లాను పెంచుకోమని ఒకరు సలహా ఇచ్చారు. నేను లెక్క వేసి చూశాను. మేం వాడే పద్ధతిలో ఒక కాల్‌లో మాటకు సెకనుకు 64 కిలోబిట్లు, మాటను ముక్కలుగా పంపేటప్పుడు ఒక్కో ముక్కకు తొడిగే చిరునామాల పైకవర్లతో కలిపి 87 దాకా పడుతుంది. రెండు ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 175 కిలోబిట్లు. మాది 50 మెగాబిట్ల ప్లాను. కాబట్టి డబ్బు కడితే తీరే సమస్య కాదు. అక్కడి రూటరులో సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యం ఫోన్ సందేశాలలోని చిరునామాలను తనకు తోచినట్లు మారుస్తోందని తేలింది. జూలై 26న దానిని ఆపగానే రెండు వైపులా మాట వచ్చింది.

ఆ సంతోషం మూడు రోజులే. చిత్తూరు కోసం మా యంత్రాన్ని బయటి నెట్‌కు తెరిచి ఉంచాం కదా, దాని చిట్టా తెరిచి చూస్తే మాకు సంబంధం లేని చిరునామాల నుంచి పాస్‌వర్డులు ప్రయత్నించిన వరుసలు వందల కొద్దీ ఉన్నాయి. ఎవరైనా లోపలికి వచ్చి మా లైను మీద విదేశాలకు ఫోన్ చేస్తే బిల్లు మాకే వస్తుంది. ఆ రాత్రి నేను ఆఫీసుకు తిరిగి వెళ్లి, చిత్తూరు ఫోన్లు రెండూ ఆపేసి, ఫ్యాక్టరీ పాస్‌వర్డు అలాగే ఉన్న మూడు ఫోన్లకు కొత్తవి పెట్టి వచ్చాను. ఆగస్టు 2న వీపీఎన్ ద్వారా, అంటే నెట్‌లోనే మా రెండు చోట్లకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి ద్వారా చిత్తూరును కలిపి, బయటి తలుపు మూసేశాం. ఆ సౌకర్యం ఫోన్లలోనే ఉండడం వల్ల అదనంగా ఖర్చు కాలేదు. కొనేటప్పుడు నేను దాని గురించి అడగనే లేదు, ఉండడం మా అదృష్టం.

ఖర్చు వివరంగా చెబుతాను. రిసెప్షన్ ఫోన్ 8,900, గిగాబిట్ ఫోన్లు మూడు 16,800, మామూలువి పది 37,000, స్విచ్చి 11,500, కాల్స్ పంచే యంత్రం 19,500, గేట్‌వే 14,000. ఇవి కలిపి 1,07,700 అని కొటేషన్‌లో పెద్ద అక్షరాలలో ఉంది. దాని కింద సన్నగా ఉన్న 18 శాతం జీఎస్టీ 19,386. ఆ తరువాత వైర్లు 9,400, యూపీఎస్ 8,200, చిత్తూరు అడాప్టర్లు 1,300, బిగింపు కూలి 6,000. మొత్తం 1,51,986 రూపాయలు. జీఎస్టీ మాకు ఇన్‌పుట్‌గా, అంటే మేం కట్టవలసిన పన్నులో తగ్గింపుగా తిరిగి వచ్చింది. అయినా చేతిలో డబ్బు ముందుగా పెట్టుకోవలసిందే.

ఇంకా ఒకటి మిగిలింది. పాత లైను మీద వచ్చే కాల్స్‌లో కొన్నింటికి నంబరు కనిపించడం లేదు. ల్యాండ్‌లైన్‌లో నంబరు పంపే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయని, గేట్‌వేలో వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించాలని టెక్నీషియన్ అన్నాడు. ఎప్పుడెప్పుడు నంబరు రాలేదో అక్క తన ఆర్డరు పుస్తకం చివరి పేజీలో తేదీ, సమయంతో రాసి పెడుతోంది. వచ్చే గురువారం ఆయన వచ్చినప్పుడు ఆ పేజీ ఆయన చేతికి ఇస్తాం.